పచ్చి ఎముకలు వేస్తే కుక్క పళ్ళ గార పోతుందా?

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో ఆరేళ్ళ స్పిట్జ్ ఉంది. కొన్ని నెలలుగా నోరు కంపు కొడుతోంది, పై దవడ పళ్ళ మీద గోధుమరంగు పొర గట్టిపడింది, చిగుళ్ళు ఎర్రగా ఉన్నాయి. డాక్టరు మత్తిచ్చి స్కేలింగ్, అంటే పళ్ళ గార గీకి తియ్యడం, చెయ్యాలన్నారు. మత్తంటే వీళ్ళకి భయం. బీచ్ రోడ్డులో కుక్కల్ని తిప్పేవాళ్ళేమో వారానికి రెండుసార్లు పచ్చి మటన్ ఎముక పడేస్తే చాలంటున్నారు, అడవిలో తోడేళ్ళకి ఎవరు బ్రష్ చేస్తున్నారని అడుగుతున్నారు. వేపపుల్ల, పసుపు, కొబ్బరినూనె సలహాలు కూడా వచ్చాయి. ఇందులో ఏది నమ్మాలి?

అమ్మా, సూటిగా చెప్తాను. ఇప్పుడున్న పరిస్థితిలో మీ కుక్కకి ఎముక వెయ్యకండి. ముందు నోరు బాగు చేయించండి. ఆ తర్వాత ఎముక వెయ్యొచ్చా, ఏ ఎముక, ఎంతసేపు అన్నది మాట్లాడుకుందాం. నేను ఎముకలకి వ్యతిరేకిని కాను. పశువైద్యశాలలో కాంపౌండరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో ఎప్పుడూ కుక్కలు ఉంటూనే ఉన్నాయి, వాటికి పచ్చి ఎముకలు వేస్తూనే ఉన్నాను. అందుకే వాటి వల్ల ఏమవుతుందో, ఏమి కాదో కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

కుక్క తిన్న కొద్ది గంటల్లోనే పళ్ళ మీద మెత్తటి పాచి చేరుతుంది. దాన్ని వేలితో తుడిచినా పోతుంది. తుడవకపోతే లాలాజలంలోని ఖనిజాలు పట్టి రెండు మూడు రోజుల్లో అది రాయిలా గట్టిపడుతుంది. బోరునీళ్ళు వాడే ఇంట్లో కుళాయి మూతికి తెల్లగా పొర కట్టినట్టే ఇదీ. దీన్నే గార అంటాం. కుక్క లాలాజలంలో మనకంటే క్షారగుణం ఎక్కువ. అందువల్ల వాటి పళ్ళు పుచ్చడం అరుదు గానీ గార మాత్రం తొందరగా పడుతుంది. పై దవడలో బుగ్గ వైపున్న పెద్ద పన్ను దగ్గరే లాలాజల నాళం తెరుచుకుంటుంది కాబట్టి మొదట అక్కడే పడుతుంది. మీరు చూసిన గోధుమరంగు పొర కూడా అక్కడిదే అయ్యుంటుంది.

పైకి కనిపించే గార చూడ్డానికి బాగోదు గానీ, అసలు చెరుపు అది చెయ్యదు. చిగురు అంచు కిందికి దిగిన పాచి చేస్తుంది. అక్కడ చేరిన బాక్టీరియాకి చిగురు వాస్తుంది, పన్ను నుంచి విడివడుతుంది, మధ్యలో సందు ఏర్పడుతుంది, ఆ సందులో పన్నుని పట్టి ఉంచే దవడ ఎముక మెల్లగా కరిగిపోతుంది. మీరు చెప్పిన కంపు అక్కడిదే. ఈ జబ్బు చిన్నజాతి కుక్కల్లో మరీ ఎక్కువ. చిన్నదైనా పెద్దదైనా కుక్కకి పళ్ళు 42. స్పిట్జ్ లాంటి దాని చిన్న దవడలో అవన్నీ ఇరుక్కుని ఉంటాయి, సందుల్లో పాచి నిలుస్తుంది. దానికి తోడు దవడ ఎముక పల్చగా ఉంటుంది, కొంచెం కరిగినా పన్ను కదిలిపోతుంది.

ఇక ఎముక సంగతి. కుక్క పచ్చి ఎముకని దవడ పళ్ళ మధ్య పెట్టి కొరికినప్పుడు, దాన్ని అంటుకున్న కండ, నరం, మెత్తటి మృదులాస్థి పన్ను పక్కలకి రాసుకుంటాయి. ఆ రాపిడికి పాచి పోతుంది, కొంత గార కూడా ఊడుతుంది. ఇది ఉత్తమాట కాదు. బ్రెజిల్‌లో ఎనిమిది బీగిల్ కుక్కలకి పచ్చి ఎద్దు ఎముకలు ఇచ్చి చూసిన అధ్యయనం 2016లో అచ్చయింది. రెండు వారాలు తిరక్కుండానే వాటి పళ్ళ మీద గార, ఎముక చివర స్పంజిలా ఉండే భాగం కొరికినప్పుడు సగానికి పైగా, గట్టి భాగం కొరికినప్పుడు మూడో వంతు దాకా తగ్గింది. కానీ వాళ్ళు కొలిచింది పంటి పైభాగంలో కనిపించే గారని. చిగురు కింద ఏముందో ఆ కొలతలో లేదు, చూసింది కూడా కొద్ది వారాలే. నా అనుభవమూ అదే. ఎముక కొరికే కుక్కల దవడ పళ్ళు తెల్లగా ఉంటాయి, ముందు పళ్ళకీ కోరలకీ మాత్రం ఎముక పెద్దగా ఏమీ చెయ్యదు. కొన్ని కుక్కలు ఎప్పుడూ ఒకే పక్కన నములుతాయి, రెండో పక్కన గార అలాగే ఉండిపోతుంది.

తోడేళ్ళ సంగతికొస్తే, అడవి జంతువుల నోళ్ళు మనం అనుకున్నంత బాగుండవు. ఆఫ్రికా అడవి కుక్కల పుర్రెలని పరిశీలించి 1999లో వెలువరించిన పరిశోధనలో గార పెద్దగా కనిపించలేదు గానీ, 41 శాతం పుర్రెల్లో చిగుళ్ళ జబ్బు దవడ ఎముకని తిన్న ఆనవాళ్ళున్నాయి. దాదాపు సగం వాటికి పళ్ళు విరిగి ఉన్నాయి. అవి జీవితమంతా పచ్చి ఎముకలే కొరికిన జంతువులు. కాబట్టి ఎముక కొరికితే పన్ను తెల్లగా ఉంటుందన్నది నిజమే, చిగురు కూడా బాగుంటుందని మాత్రం అనుకోకండి.

ఇప్పుడు మీ కుక్కకి ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ఆరేళ్ళ వయసు, ఎర్రటి చిగుళ్ళు, నెలల తరబడి కంపు ఉన్నాయంటే చిగురు కింద జబ్బు ఉండే అవకాశమే ఎక్కువ. కదులుతున్న పంటితో గట్టిగా కొరికితే అది విరగొచ్చు, వేరు లోపలే ఉండిపోవచ్చు. కుక్క ఆ నొప్పిని బయటపెట్టదు. అన్నం తింటూనే ఉంటుంది, తోక ఊపుతూనే ఉంటుంది. కాస్త గమనించండి: ఒక పక్కనే నములుతోందా, ముద్ద నోట్లోంచి జారుతోందా, గట్టి బిస్కెట్ వదిలేస్తోందా, మూతిని సోఫాకేసి రుద్దుకుంటోందా. కంటి కింద వాపు వస్తే పురుగు కుట్టిందని ఊరుకోకండి. పై దవడ పెద్ద పంటి వేళ్ళు సరిగ్గా అక్కడే ఉంటాయి, అక్కడ చీము పడితే కంటి కింద పొంగుతుంది.

మత్తంటే మీ భయం నాకర్థమవుతుంది, అందరికీ ఉండేదే. ఆరేళ్ళంటే కుక్కకి నడివయసే, ముసలితనం కాదు. ముందు రక్తపరీక్ష చేసి కాలేయం, కిడ్నీలు చూస్తారు, గుండె వింటారు. మత్తులో గొంతులోకి గొట్టం వేస్తే స్కేలింగ్ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోవు. మెలకువగా ఉన్న కుక్కని నలుగురు పట్టుకుని పైపైన గార గీకేసే పద్ధతి ఒకటుంది, చవక కూడా. పళ్ళు తెల్లబడతాయి, మీకు సంతోషంగా ఉంటుంది, చిగురు కింద జబ్బు మాత్రం అలాగే ముదురుతుంది. దయచేసి దానికి ఒప్పుకోకండి. డాక్టరుని మూడు విషయాలు అడగండి: గొట్టం వేస్తారా, చిగురు కింద కూడా శుభ్రం చేసి సందుల లోతు కొలుస్తారా, పళ్ళ ఎక్స్‌రే తీసే వీలుందా. పళ్ళ ఎక్స్‌రే అన్ని క్లినిక్‌లలో ఉండదు, ముందే ఫోన్ చేసి కనుక్కుంటే మంచిది. ఆపరేషను రోజు ఎన్ని గంటల ముందు నుంచి తిండి ఆపాలో కూడా వాళ్ళనే అడిగి అలాగే చెయ్యండి.

నోరు బాగుపడ్డాక ఎముక వెయ్యాలనుంటే, ఈ కింది సంగతులు చాలా ముఖ్యం. మన ఊళ్ళో జరిగే పొరపాట్లన్నీ ఇక్కడే ఉన్నాయి.

వండిన ఎముక ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఉడికినా, కాల్చినా, కుక్కర్లో పెట్టినా ఎముక పెళుసెక్కుతుంది, కొరికితే సూదుల్లా చీలుతుంది. అన్నవాహిక, పేగు కోసుకుపోతాయి. ఆదివారం మటన్ కూరలో మిగిలిన దుమ్ములు, బిర్యానీలో కోడికాలు ప్రేమగా పళ్ళెం పక్కన పెట్టేది ఇంట్లో పెద్దవాళ్ళే. వాళ్ళకి ఓపిగ్గా చెప్పండి. పైగా ఆ కూరలో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి కుక్క రక్తకణాలని పాడుచేస్తాయి.

పచ్చిదైనా ప్రతి ఎముకా పనికిరాదు. నల్లి ఎముక, కాలి ముందు భాగపు గట్టి ఎముక పన్ను విరిగేంత గట్టిగా ఉంటాయి. వాటిని కొరికినప్పుడే పై దవడ పెద్ద పన్ను పక్క నుంచి పెచ్చులా ఊడి వస్తుంది, లోపలి నరం బయటపడుతుంది. ఆ పన్నుకి రూట్ కెనాల్ చెయ్యాలి, లేదా పీకెయ్యాలి. పెట్ షాపుల్లో అమ్మే జింక కొమ్ములు, పశువుల గిట్టలతోనూ ఇదే ప్రమాదం. మీ బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కి చూడండి, నొక్కు పడని వస్తువేదీ కుక్క నోటికి ఇవ్వకండి. నల్లిని గుండ్రంగా చక్రాల్లా కోసి ఇస్తారు చూడండి, అవి కింది దవడ కోరల మీదుగా ఎక్కి ఇరుక్కుపోతాయి. వాటిని తియ్యాలంటే మత్తిచ్చి ఎముకని కోసి తియ్యాల్సిందే.

మన మటన్ కొట్టులో ఇంకో చిక్కుంది. కొట్టువాళ్ళు చేతి అలవాటుకొద్దీ అన్నిటినీ కత్తితో చిన్న ముక్కలు కొట్టేస్తారు. పూర్ణా మార్కెట్‌లో నేను నోరు తెరిచేలోపే ముక్కలైపోయేవి. కూరకి అది బాగుంటుంది గానీ కుక్కకి ఒక్కో ముక్క ఒక్కో మేకు. ముందే చెప్పండి, "కుక్కకండీ, కొట్టొద్దు, నిండుగా ఇవ్వండి" అని. పెద్ద కుక్కకైతే మేక ఛాతీ ముక్క, అంటే మధ్యలో మెత్తగా ఉండే భాగం, లేదా మెడ నిండుగా తీసుకోవచ్చు. మీ స్పిట్జ్‌కి మటన్ కన్నా పచ్చి కోడిరెక్క మేలు. ఎముక సన్నం, మెత్తన, నమలడానికి చర్మం, నరం ఉంటాయి. కోడిమెడ లాబ్రడార్ లాంటిది నమలకుండా గుటుక్కున మింగేస్తుంది, పెద్ద కుక్కలకి ఇవ్వకండి. ముక్క ఎప్పుడూ కుక్క మూతికంటే పెద్దగా ఉండాలి. మిగిలింది చిన్నదయ్యాక తీసెయ్యాలి.

కొట్టువాళ్ళు ఎముకతో పాటు ఊపిరితిత్తులు, కాలేయం ముక్కలు, తలకాయ ఊరికే వేసిస్తారు. అవి పచ్చివి అస్సలు పెట్టకండి. గొర్రెల, మేకల అవయవాల్లో ఉండే నీటితిత్తులు కుక్క కడుపులోకి పోతే అక్కడ సన్నటి బద్దెపురుగులవుతాయి. వాటి గుడ్లు కుక్క మలంలో, ఒంటి మీద వెంట్రుకల్లో ఉంటాయి. దాన్ని నిమిరి చెయ్యి కడుక్కోని పిల్లలకి అవి చేరితే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు పెరుగుతాయి. ఏళ్ళ తర్వాత బయటపడే జబ్బు ఇది, చాలాసార్లు ఆపరేషను దాకా వెళ్తుంది. పచ్చిమాంసం పెట్టే ఇంట్లో బద్దెపురుగుల మందు, అంటే ప్రాజిక్వాంటెల్ ఉన్నది, ఎన్నాళ్ళకోసారి వెయ్యాలో డాక్టరుని అడిగి తప్పకుండా వెయ్యాలి.

విశాఖ ఉక్కలో పచ్చిమాంసం నిలవదు. పొద్దున్నే, కోసిన వెంటనే తెచ్చుకోండి. వెంటనే పెట్టకపోతే ఫ్రీజర్లో ఉంచండి. ఫ్రీజర్లో పెడితే సాల్మొనెల్లా లాంటివి చావవు, నిద్రలో ఉంటాయంతే. ఉప్పూ పసుపూ వేసి కడిగినా అంతే. అందుకని పరుపులు, సోఫాలు లేని చోట, కడగడానికి వీలైన గచ్చు మీద పెట్టండి. పదిహేను ఇరవై నిమిషాలు కొరకనిచ్చి తీసెయ్యండి. బాల్కనీలో సాయంత్రం దాకా పడుండే ఎముక ఈగలకీ చీమలకీ గానీ కుక్కకి కాదు. గచ్చు, మీ చేతులు సబ్బుతో కడగండి. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, కీమో తీసుకుంటున్నవాళ్ళు, మరీ పెద్దవాళ్ళు ఉంటే పచ్చి ఎముక ఆలోచన మానుకోండి. కుక్క అదే నోటితో వాళ్ళ మొహం నాకుతుంది.

కుక్క ఎముక కొరుకుతున్నంతసేపూ మీరు పక్కనే ఉండాలి. ఎముక లాక్కోకండి, ఎంత మంచి కుక్కైనా అప్పుడు కరుస్తుంది. ఉడికించిన, ఎముక లేని కోడి ముక్క చూపించి, అది నోరు వదిలాక ఎముక తీసుకోండి. రెండు కుక్కలుంటే వేర్వేరు గదుల్లో పెట్టండి. మర్నాడు విరేచనం సుద్దలా తెల్లగా, గట్టిగా అయితే ఎముక ఎక్కువైందని అర్థం. వాంతులు, కడుపుబ్బరం, ముక్కుతూ ఏమీ రాకపోవడం కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఒక్కసారైనా ప్యాంక్రియాస్ వాపు వచ్చిన కుక్కకి కొవ్వున్న ఎముక, మూలుగు వద్దే వద్దు.

చేపముళ్ళ గురించి అడిగేవాళ్ళుంటారు, ఫిషింగ్ హార్బర్ దగ్గర్లో ఉంది కదా. పచ్చివైనా వండినవైనా వద్దు. బీచ్‌లో పడేసిన కొబ్బరి బొండాలు కూడా కుక్కలు సరదాగా పీకుతాయి, ఆ పీచు మింగితే పేగులో ఉండగడుతుంది.

ఇక మిగతా సహజ పద్ధతులు. వీటన్నిటికంటే సహజమైనది, నిజంగా పనిచేసేది రోజూ మీ చెయ్యి తగలడం. పాచి గట్టిపడ్డానికి రెండు మూడు రోజులు పడుతుంది కదా, రోజూ తుడిస్తే గారకి అవకాశమే ఉండదు. పైగా బ్రష్ చిగురు అంచు దాకా వెళ్తుంది, ఎముక ఎప్పుడూ అంత కచ్చితంగా వెళ్ళదు. ఎముకా బ్రష్షూ రెంటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను ఆలోచించకుండా బ్రష్ అంటాను.

ఆరేళ్ళు వచ్చాక అలవాటవుతుందా అని సందేహించకండి, అవుతుంది. మొదటి వారం పెదవి ఎత్తి వదిలెయ్యండి, వెంటనే ఇష్టమైన ముక్క పెట్టండి. తర్వాత వేలికి తడిపిన మెత్తటి పాత నూలుగుడ్డ చుట్టి కోర పళ్ళ దగ్గర ఒక్కసారి తుడవండి. అక్కణ్ణుంచి వెనక్కి, బుగ్గ వైపు పెద్ద పళ్ళ దాకా రోజుకి కొంచెం చొప్పున వెళ్ళండి. బాగా అలవాటయ్యాక చిన్నపిల్లల మెత్తటి బ్రష్ పెట్టి, చిగురుకి వాలుగా పట్టుకుని చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తోమండి. పళ్ళ బయటివైపు తోమితే చాలు, లోపలివైపు నాలుక చాలావరకు చూసుకుంటుంది. రాత్రి అన్నం తర్వాత ఒకే వేళకి, ఒకే చోట చేస్తే అదే వచ్చి కూర్చుంటుంది. చిగుళ్ళు నొప్పి పుడుతున్నప్పుడు మాత్రం మొదలుపెట్టకండి. అప్పుడు బ్రష్ చూస్తేనే పారిపోయే కుక్క తయారవుతుంది, మళ్ళీ నమ్మించడం చాలా కష్టం.

మన టూత్‌పేస్ట్ పెట్టకూడదు. కుక్క ఉమ్మదు, మింగుతుంది. కొన్నిటిలో తీపి కోసం వాడే జైలిటాల్ కుక్క రక్తంలో చక్కెరని ఒక్కసారిగా పడగొడుతుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ప్రాణం మీదికే తెస్తుంది. కుక్కల కోసం చేసిన పేస్ట్ దొరక్కపోతే ఉత్త నీళ్ళు చాలు. పని చేసేది రాపిడే, పేస్ట్ కాదు.

వేపపుల్ల మనకి మంచిదే, మనం నమిలి ఉమ్మేస్తాం. కుక్కకిస్తే పీచులు పళ్ళ సందుల్లో, గొంతులో ఇరుక్కుంటాయి. వేపనూనె నోట్లో రాయడం అసలే వద్దు. పసుపు చిటికెడు పోతే నష్టం లేదు, కానీ అది గారని కరిగించదు, మీ గచ్చుకి మాత్రం మరక పడుతుంది. కొబ్బరినూనె గుడ్డకి రెండు చుక్కలు రాస్తే వేలు సులువుగా జారుతుంది, రుచికి కుక్క కూడా ఒప్పుకుంటుంది, అంతవరకు నాకూ ఇష్టమే. చెంచాలకి చెంచాలు తాగిస్తే పళ్ళకి ఒరిగేదేమీ లేదు, ఒళ్ళు మాత్రం పెరుగుతుంది, విరేచనాలవుతాయి. ఉప్పు, వంటసోడా, బొగ్గుపొడి, పళ్ళపొడి, లవంగనూనె ఏవీ వాడకండి. పొడులు ఎనామిల్‌ని గీకేస్తాయి, లవంగనూనె చిగుళ్ళని కాలుస్తుంది. క్యారెట్, కీరదోస ముక్కలు పెట్టండి, ఆరోగ్యానికి మంచివి. గార విషయంలో వాటి మీద పెద్ద ఆశ పెట్టుకోకండి.

సముద్రపు నాచు పొడి అన్నంలో కలిపితే గార తగ్గుతుందని అమ్ముతున్నారు. ఆస్కోఫిల్లం అనే ఒక రకం నాచు మీద చేసిన పరీక్షల్లో కొంత ఫలితం కనిపించిన మాట నిజం. అందులో అయోడిన్ ఉంటుంది కాబట్టి థైరాయిడ్ సమస్య ఉన్న కుక్కకి డాక్టరుని అడగకుండా వెయ్యకండి. నమిలే కర్రలు కొనేటప్పుడు విఓహెచ్‌సీ (వెటరినరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్) ముద్ర ఉందేమో చూడండి. పాచినో గారనో తగ్గిస్తుందని పరీక్షల్లో చూపిస్తేనే ఆ ముద్ర ఇస్తారు.

కుక్కపిల్ల ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట. నాలుగో నెల నుంచి 28 పాలపళ్ళు ఊడడం మొదలవుతుంది, ఏడో నెలకి పూర్తవ్వాలి. స్పిట్జ్, పొమేరియన్ లాంటి వాటిలో పాలకోర ఊడకుండా పక్కనే కొత్త కోర వస్తుంది. ఆ రెండింటి సందులో పాచి ఇరుక్కుని చిన్నప్పుడే జబ్బు మొదలవుతుంది. అలా రెండు కోరలు కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా చూపించండి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనప్పుడే చాలామంది దాన్నీ తీయించేస్తారు.

మళ్ళీ మీ కుక్క దగ్గరికి వస్తాను. ఈ వారం రక్తపరీక్ష చేయించి స్కేలింగ్‌కి రోజు తీసుకోండి. అప్పటిదాకా మెత్తటి అన్నం పెట్టండి, గట్టివేవీ నోటికి ఇవ్వకండి. స్కేలింగ్ అయ్యాక పళ్ళు ఏవైనా తీస్తే, ఎన్నాళ్ళు మెత్తటి తిండి పెట్టాలో డాక్టరు చెప్తారు, ఆ గడువు పూర్తిగా పాటించండి. చిగుళ్ళు మానాయని వాళ్ళు చూసి చెప్పాకే గుడ్డతో తుడవడం మొదలుపెట్టండి. అది రోజువారీ అలవాటయ్యాక, పళ్ళన్నీ గట్టిగా ఉన్నాయని తేలితే, కోడిరెక్క వారానికి ఒకసారి ఇచ్చి చూడొచ్చు. ఎన్ని పళ్ళు తీశారో, ముఖ్యంగా పై దవడ పెద్ద పళ్ళు రెండూ ఉన్నాయో లేదో, కుక్క బరువెంతో నాకు రాయండి. ఆ పళ్ళు పోయిన కుక్కకి నేను చెప్పే ఎముక వేరుగా ఉంటుంది, ఒక్కోసారి అసలు వద్దనే చెప్తాను.